మేత్యే అంటే మగ్గం

లియోన్‌లో సీ లైను మెట్రో కొండెక్కుతుంటే కూర్చున్నవాళ్ల వీపులు సీట్లకు అతుక్కుపోతాయి. పట్టాల నడుమ పళ్ల పట్టా ఒకటుంటుంది. రైలు అడుగున ఉన్న పళ్ల చక్రం దాన్ని పట్టుకుని పైకి ఎక్కుతుంది. క్రువా పకే స్టేషన్‌లో ప్లాట్‌ఫారమే ఏటవాలు, నిలబడాలంటే ఒక కాలు గట్టిగా ఊనాలి. మూడు నెలలపాటు దాదాపు రోజూ ఆ రైలెక్కాను. నాకు వచ్చిన కాస్త ఫ్రెంచిలో సగం ఆ దారిలో వచ్చిందే.

మా అమ్మాయికి అక్కడ ఉద్యోగం. ధర్మవరంలో నేను బడి పంతులమ్మగా రిటైరయ్యాక తన దగ్గరికి పిలిపించుకుంది. "అమ్మా, పగలంతా ఒక్కదానివే ఇంట్లో ఏం కూర్చుంటావు, భాష నేర్చుకో" అంటూ కొత్తగా వచ్చినవాళ్ల కోసం నడిపే ఒక క్లాసులో చేర్పించింది. రెండో రోజే టీచరమ్మ అందరినీ వరసగా అడిగింది, "కెల్ ఎ వోత్ర మేత్యే?" అని. మీ వృత్తి ఏమిటని. నా వంతు అయ్యాక, మరి మీ నాన్నగారిదో అంది. నేతపని అనడానికి మాట తెలియక, రెండు చేతులతో నాడె విసిరి చూపించాను. ఆమె ముఖం విప్పారింది. బోర్డు మీద నేతగాడు అన్న మాట రాసి, "ఈ ఊళ్లో మేత్యేకి ఇంకో అర్థం కూడా ఉంది. క్రువా రూస్ కొండ మీదికి వెళ్లి తెలుసుకుని రండి" అంది.

క్రువా రూస్ పట్టునేతగాళ్ల పేట. వాళ్లను కనూలు అనేవారు. అక్కడ పాత మగ్గాలను నడిపి చూపించే ఒక ఇంటికి వెళ్లాను. మగ్గం ముందు కూర్చున్న ఆవిడ దాని దూలం మీద చెయ్యివేసి అన్న మొదటి మాట, "వ్వాలా ల్య మేత్యే". ఇదిగో మగ్గం. వృత్తికీ మగ్గానికీ ఒకటే మాట! మా వీధిలో "మగ్గం ఆడతా ఉందా?" అని పలకరిస్తే బతుకు నడుస్తోందా అనే అర్థం. ఈ మాట నాకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఆవిడ కాలితో తొక్కుడుబద్ద తొక్కింది. పైనున్న జకార్డ్ పెట్టెలో ఒక అట్ట వచ్చి సూదుల మీద ఒత్తుకుంది. కన్నం ఉన్నచోట సూది దూరుతుంది, దాని కొక్కెం పడుగు పోగును పైకి లేపుతుంది. కన్నం లేనిచోట సూది వెనక్కి జరిగి పోగు కిందే ఉండిపోతుంది. ఒక పేకకు ఒక అట్ట. చిన్నప్పుడు మా మిద్దెలో పడుకుని నేను చూస్తూ ఉండిపోయిన పెట్టె ఇదే. జోసెఫ్ మరీ జకార్డ్ ఈ ఊరివాడు, 1752లో పుట్టాడు. 1804 నాటికి ఈ యంత్రం తయారైంది. ఆయనకంటే ముందు బూషోన్, ఫాల్కోన్, వోకాన్సోన్ ఇదే దారిలో ఒక్కొక్క అడుగు వేసి ఉన్నారు. జకార్డ్ పెట్టె మగ్గం పైన కూర్చుంటుంది కాబట్టి క్రువా రూస్‌లో ఇళ్ల కప్పులు నాలుగు మీటర్ల ఎత్తున కట్టారు. మా నాయన కూడా జకార్డ్ పెట్టడానికి అప్పు చేసి కప్పు ఎత్తించాడు. ఆ మగ్గాల ఇంటి పొడవాటి కిటికీల కింద నిలబడి ఆ అప్పు ఎన్నేళ్లు తీర్చామో లెక్క వేసుకున్నాను.

ఆ రోజు చిన్న పుస్తకంలో రాసుకున్న మాటలు: పడుగు షెన్, పేక త్రామ్, నాడె నవెత్. కొండ దిగి వీధిలోకి వస్తే ఆ మాటలే చక్రాల మీద తిరుగుతున్నాయి. రెండు చోట్ల మధ్య అటూ ఇటూ తిరిగే బస్సు నవెత్. ట్రామ్‌ను పలికేదీ త్రామ్ అనే. చెవికి రెండూ ఒకటే, ముందున్న చిన్న మాటే తేడా. లా త్రామ్ నేసేది, ల్య త్రామ్ ఎక్కేది. బల్లకూ కిటికీకీ ఆడ మగ తేడా ఏమిటని వారం రోజులుగా నాలో ఉన్న చిరాకు ఆ ట్రామ్ స్టాపులోనే పోయింది. తెలుగులో మనకు ఆ బాధ లేదు. కానీ ఆ చిన్న మాట లేకపోతే మా నాయన పేకకూ పట్టాల మీది బండికీ తేడా తెలిసేది కాదు.

ఫూర్‌వ్యేర్ కొండ మీది చర్చికి తాడుతో లాగే రైలుంది. ఊరివాళ్లు దాన్ని ఫిసెల్ అంటారు, అంటే సన్న తాడు. అలాంటి రైలు లియోన్‌కు 1862లోనే వచ్చింది, అదీ క్రువా రూస్ కొండకే. ఫిసెల్ లాంటి, జనం వాడే మాట పుస్తకంలోని మాటకంటే తొందరగా నోటికి పట్టింది. బూషోన్ అనే మాట మాత్రం చాలా రోజులు తిప్పలు పెట్టింది. సీసా బిరడా బూషోన్, రోడ్డు మీద బండ్లు ఆగిపోవడం బూషోన్, లియోన్ తిండి పెట్టే చిన్న హోటలూ బూషోనే. 1725లో చిల్లుల కాగితంతో మగ్గం నడపబోయిన మనిషి పేరూ అదే.

టికెట్ మిషన్ మీద తారిఫ్ అన్న మాట రోజూ చూసేదాన్ని. ధర అనుకున్నాను, అది సరైనదే. కానీ 1831లో కనూలు తిరగబడింది ఆ మాట కోసమే. గజానికి ఇంత మజూరి అని ఒక తారిఫ్ ఒప్పుకున్నారు, షావుకార్లలో కొందరు ఇవ్వం అన్నారు. నవంబరులో నేతగాళ్లు క్రువా రూస్ కొండ దిగి ఊరిని చేతిలోకి తీసుకున్నారు. పని చేసి బతుకుదాం, లేదంటే పోరాడి చద్దాం అని నల్ల జెండా మీద రాసుకున్నారు. 1834లో మళ్లీ లేచారు. మజూరి కోసం షావుకారు అరుగు మీద నిలబడిన మనిషి కూతురిని నేను. ఆ మిషన్ ముందు నిలబడి టికెట్ తీయడం నాకు మామూలు పని కాలేదు.

బజారులో నేర్చుకున్నది వేరే పాఠం. క్రువా రూస్ బులవార్ మీద సోమవారం తప్ప రోజూ పొద్దున సంత ఉంటుంది. మొదటి రోజు టమాటాలు చూపించి "ఒక కిలో" అన్నాను, పొల్లుపోకుండా. అమ్మే అతను చెయ్యి కదపలేదు. నా కళ్లలోకి చూసి "బోంజూర్ మదామ్" అని ఆగాడు. నేను బోంజూర్ అన్నాకే సంచీ తీశాడు. బస్సెక్కినా, లిఫ్టులో పక్కవాళ్లు కనిపించినా, ముందు ఆ మాట. తర్వాతే పని. పలకరించకుండా పని చెప్పడం మన ఊళ్లో కూడా మర్యాద కాదు. కాకపోతే మనం "ఏం మామా, బాగుండావా?" అని పలకరిస్తాం, వాళ్లు బోంజూర్ అంటారు. డబ్బులిచ్చేటప్పుడు అంకెలు కష్టం. ఎనభైని నాలుగు ఇరవైలు అంటారు, తొంభైని నాలుగు ఇరవైల పది. చిల్లర చేతిలో పట్టుకుని నేను గుణించుకుంటుంటే అతను తొందరపెట్టలేదు.

ఇళ్ల మధ్యగా ఒక వీధి నుంచి ఇంకో వీధికి తీసే దారులను త్రబూల్ అంటారు. నేసిన పట్టు వానకు తడవకుండా ఆ దారుల్లో మోసుకెళ్లేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల కంట పడకుండా తిరగడానికీ అవే పనికొచ్చాయి. ఆ దారిలో పోవడానికి ఒక క్రియే ఉంది, త్రబూలే. జ్య త్రబూల్, తు త్రబూల్, వూ త్రబూలే. క్లాసులో నాకు ఎక్కని క్రియారూపాలు చీకటి మెట్ల మీద ఒక్కొక్క మెట్టుకు ఒక్కటి చొప్పున ఎక్కాయి.

సాయంత్రాలు చెట్ల కింద ముసలివాళ్లు ఇనుప గుండ్లతో పెతాంక్ ఆడేవాళ్లు. చిన్న చెక్క గుండును ముందు విసురుతారు, దాని పేరు కొషొనే, పందిపిల్ల. దానికి ఎవరి గుండు దగ్గరుంటే వాళ్లకు పాయింటు, పదమూడు వస్తే గెలుపు. లియోన్‌కు సొంతంగా పరుగెత్తి గుండు విసిరే ఆట ఒకటుంది. పెతాంక్ దక్షిణాది సముద్రపు ఒడ్డున లా సియోతాలో 1900ల మొదట్లో పుట్టింది, ఇందులో పాదాలు కదపకూడదు. రెండు వారాలు బెంచీ మీద కూర్చుని చూశాక ఒకాయన నా చేతిలో గుండు పెట్టాడు. "తు పువాంత్ ఊ తు తీర్?" దగ్గరగా దొర్లిస్తావా, ఎదుటివాడి గుండును కొడతావా అని. అప్పటిదాకా నాకు మీరు అనే వూ వాడిన మనిషి ఆ పూట నువ్వు అనే తులోకి వచ్చాడు. ఇక్కడ అందరం నువ్వే అని పక్కావిడ చెప్పింది. ముప్పై ఏళ్లు పంతులమ్మగా మీరు అనిపించుకున్న నాకు ఆ నువ్వు చాలా హాయిగా అనిపించింది.

బయల్దేరడానికి వారం ముందు మళ్లీ మగ్గాల ఇంటికి వెళ్లాను. ఆ రోజు వేరే మగ్గం మీద పని జరుగుతోంది. చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి ధర్మవరంలో ఉన్న మా తమ్ముడికి పంపించాను. వాడింకా మగ్గం వదల్లేదు. పది నిమిషాల్లో జవాబు పెట్టాడు, "అక్కా, జకార్డ్ చప్పుడు మనదే. కానీ నాడె శానా నిదానంగా పోతాంది, ఎందుకు?"

నా దగ్గరున్న మాటలన్నీ కూడగట్టుకుని ఆవిడను అడిగాను. "మోన్ ఫ్రేర్ ఎ తిస్రాన్. ఇల్ ది, లా నవెత్ వా లాంత్‌మాన్. పుర్‌క్వా?" మా తమ్ముడు నేతగాడు, నాడె నిదానంగా పోతోందంటున్నాడు, ఎందుకని. ఆవిడ మగ్గం ఆపేసింది.

"వుయ్ మదామ్, సె ద్యు వెలూర్." మఖమల్ అట. పోగును సన్న కడ్డీ మీదుగా లేపి, ఆ ఉచ్చులను కత్తితో కోస్తారట. రోజంతా కూర్చున్నా కొన్ని సెంటీమీటర్లే. బట్టలోంచి ఒక కడ్డీ మెల్లగా లాగి నా చేతిలో పెట్టింది. నేను తమ్ముడికి వీడియో కాల్ కలిపాను.