మూసేయడమూ తప్పేనా?

అర్ధరాత్రి రెండింటికి ఫోన్ మోగితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. చూస్తే మా తమ్ముడు. 'అక్కా, నా ఉద్యోగం పోయేలా ఉంది' అన్నాడు ఏడుపు గొంతుతో.

వాడు పనిచేసేది ఓ ఆన్‌లైన్ దుకాణంలో. ఆరోజే దసరా అమ్మకాలు మొదలయ్యాయి. జనం విరగబడ్డారు. సరిగ్గా అప్పుడే వస్తువులు వెతికే పెట్టె మొరాయించింది. దాని వెనక ఉండేది సోలర్ అనే సెర్చ్ సర్వర్. 2004లో అమెరికాలోని సీనెట్‌లో పుట్టి, 2006లో అపాచీ ఫౌండేషన్ చేతికొచ్చిన సాఫ్ట్‌వేర్ అది. దానితో మాట్లాడే ప్రోగ్రామ్ రాసింది మావాడే.

'శుభ్రంగానే రాశానక్కా. ప్రతి వెతుకులాటకీ కొత్త కనెక్షన్ తెరిచా, పని కాగానే మూసేశా.'

'మరి తప్పేముందిరా?'

తప్పేమిటో తెల్లారాక సీనియర్ చెప్పాడట. కనెక్షన్ తెరిచిన ప్రతిసారీ రెండు యంత్రాలూ ముందు పలకరించుకోవాలి. దానికి కొంత సమయం. పోనీ మూసేస్తే చోటు వెంటనే ఖాళీ అవుతుందా అంటే, కాదు. లినక్స్‌లో ఆ పోర్టు 60 సెకన్లపాటు అలాగే ఉండిపోతుంది. ఒక యంత్రం నుంచి ఒక సర్వర్‌కి మామూలుగా దొరికే పోర్టులు సుమారు 28 వేలు. సెకనుకు 470 వెతుకులాటలు దాటితే నిమిషంలో అన్నీ హరీ!

మరి మార్గం? క్లయింట్‌ను ఒక్కసారే తయారుచేసి అన్ని వెతుకులాటలకూ దాన్నే వాడటం. లోపల కొన్ని కనెక్షన్లు తెరిచే ఉంటాయి. ఒకరి పనవగానే ఇంకొకరికి. దీన్నే కనెక్షన్ పూలింగ్ అంటారు.

వింటుంటే మా ఊరి రామాలయంలోని ఉమ్మడి వంటపాత్రలు గుర్తొచ్చాయి. పెళ్లికి తీసుకెళ్లినవాళ్లు తోమి తిరిగిచ్చేవాళ్లు. ఇవ్వడం మరిచారా, ఇంకో ఇంట్లో వంట ఆగినట్టే. కనెక్షనైనా అంతే, తిరిగి పూల్‌లో చేరాల్సిందే. గిన్నెల లెక్కా ముఖ్యమే. రెండు గిన్నెలతో వెయ్యిమందికి వండలేం కదా!

వాడి ఉద్యోగం పోలేదు. నాలుగు లైన్లు మారిస్తే సర్దుకుందట.

ఆలోచిస్తే మా ఇద్దరిదీ అదే తంతు. పనుంటేనే ఫోన్. పని కాగానే పెట్టేయడం. అందుకే మొన్న ఆదివారం ఊరికే చేశా.

'ఏమైందక్కా?' కంగారుపడ్డాడు.

'ఏం లేదురా, లైను తెరిచి ఉంచుదామని.'