రక్తం చెప్పేది ఎవరి గురించి?

ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలిన మనిషి ఫైలు చేతికి రాగానే ఇంట్లోవాళ్లు ముందు చూసేది సీటీ స్కాన్. గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, కాలేయానికి పాకిందా, మెదడుకి పాకిందా? తర్వాత బయాప్సీ, ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉందా, అంటే పాజిటివా నెగటివా? రక్తపరీక్షల కాగితాలు మాత్రం ఫైలు అడుగుకి చేరతాయి. ఆ అడుగు కాగితాలు తయారుచేసే పాథాలజిస్టుని నేను. జబ్బు ఎటు పోతోందో చెప్పే విషయంలో అవి స్కాన్‌కి ఏమాత్రం తీసిపోవని నా పని నేర్పింది. ఎందుకంటే అవి గడ్డ గురించి కన్నా, దాన్ని మోస్తున్న మనిషి గురించి ఎక్కువ చెబుతాయి.

రక్తకణాలను లెక్కపెట్టే మామూలు సీబీపీనే తీసుకోండి. చిన్న ఊళ్లోని ల్యాబులో కూడా చేసే పరీక్ష అది. అందులో తెల్లకణాల డిఫరెన్షియల్ కౌంట్ ఉంటుంది: న్యూట్రోఫిల్స్ ఇన్ని శాతం, లింఫోసైట్స్ ఇన్ని శాతం అని. మా టెక్నీషియన్ల నోట అవి పాలీలు, లింఫులు. మిషన్ ఇచ్చిన లెక్క మీద అనుమానం వస్తే రక్తపు చుక్కని గాజు స్లైడు మీద పల్చగా లాగి, లీష్మన్ రంగు వేసి, మైక్రోస్కోపు కింద వంద కణాలు లెక్కపెడతాం. లింఫోసైటుకి కణం నిండా గుండ్రంగా ముదురు ఊదారంగు కేంద్రకం ఉంటుంది. న్యూట్రోఫిల్ కేంద్రకం మూడు నాలుగు ముక్కలై, వాటిని సన్నటి పోగుతో కలిపినట్టు కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఒక లింఫోసైటుకి ఒకటి నుంచి మూడు న్యూట్రోఫిల్స్ ఉంటాయి. జబ్బు ముదిరిన కొందరి స్లైడులో లింఫోసైట్ల కోసం వెతుక్కోవాలి. పాలీలు 84, లింఫులు 8. నిష్పత్తి పది దాటినట్టే.

ఎందుకిలా? అమెరికన్ పాథాలజిస్టు హెరాల్డ్ డ్వోరాక్ 1986లో క్యాన్సర్ గడ్డని మానని గాయంగా చూడమన్నాడు. ఆ చూపుతో చూస్తే నా రిపోర్టుల్లోని అంకెలన్నీ ఒక కథలో ఇమిడిపోతాయి. గాయమైతే ఎముక మజ్జ న్యూట్రోఫిల్స్‌ని పంపుతుంది. గాయం మానితే ఆ హడావిడి తగ్గుతుంది. ఇక్కడ మానడమన్నది లేదు కాబట్టి అవి వస్తూనే ఉంటాయి. గడ్డని అదుపు చేయాల్సిన లింఫోసైట్లు తగ్గుతూ పోతాయి. కాలేయం సీఆర్‌పీ అనే వాపు ప్రోటీన్‌ని ఎక్కువగా తయారుచేస్తూ, రక్తంలోని ముఖ్యమైన ప్రోటీన్ ఆల్బుమిన్ తయారీని తగ్గించుకుంటుంది. ఆకలి చస్తుంది, కండ కరుగుతుంది. 2003లో గ్లాస్గో వైద్యులు ఆపరేషన్‌కి వీలుకాని ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులను ఈ రెండు అంకెలతోనే విడదీసి చూశారు. సీఆర్‌పీ లీటరుకి 10 మిల్లీగ్రాములు దాటి, ఆల్బుమిన్ డెసిలీటరుకి 3.5 గ్రాముల లోపు పడిపోయినవాళ్లు మిగతావారికన్నా తక్కువ కాలం బతికారు.

2018లో పారిస్ పక్కనున్న గుస్తావ్ రూసీ సంస్థ నుంచి లారా మెజ్కిటా బృందం ఇంకో సూచీ ఇచ్చింది. న్యూట్రోఫిల్స్‌ని మిగతా తెల్లకణాలతో భాగిస్తే 3 దాటిందా? కణాలు దెబ్బతింటే రక్తంలోకి చేరే ఎల్‌డీహెచ్ అనే ఎంజైము మామూలు హద్దు దాటిందా? ఇమ్యునోథెరపీ తీసుకున్నవాళ్లలో ముందు పరిశీలించిన 161 మందిని చూస్తే, రెండూ దాటనివాళ్లలో సగంమంది 34 నెలలు దాటి బతికారు. ఒకటి దాటినవాళ్లకి ఆ అంకె 10 నెలలు, రెండూ దాటినవాళ్లకి 3. ఇంత చవక పరీక్షలకి ఇంత తేడా పట్టుబడుతుందా అని ఆ పేపరు చదివిన రాత్రి చాలాసేపు ఆలోచించాను. అయితే సగంమంది దాటారు అంటే మిగతా సగం దాటలేదని, 3 నెలల గుంపులో కూడా సగంమంది ఆ గడువు దాటి బతికారని గుర్తుంచుకోవాలి. మన ముందున్న మనిషి ఏ సగంలో ఉన్నాడో ఆ అంకె చెప్పదు.

ఒకసారి రిపోర్టుల కౌంటర్ దగ్గర ఒక అబ్బాయి నాకోసం కాచుకుని ఉన్నాడు.

"మేడం, నాన్నగారి ఆల్బుమిన్ 2.4 అంట. బాటిల్ ఎక్కిస్తే పెరుగుతుందని వార్డులో ఎవరో చెప్పారు. డబ్బుకి వెనకాడం, ఎన్ని కావాలంటే అన్ని తెస్తాం."

"ఎక్కిస్తే అంకె పెరుగుతుంది బాబూ. నాలుగు రోజులకి మళ్లీ దిగుతుంది. నాన్నగారు అన్నం ఎంత తింటున్నారు?"

"రెండు ముద్దలంతే మేడం. మింగుతుంటే మంటగా ఉందంటున్నారు."

"నాలుక మీద తెల్లగా పూతలాగా ఏమైనా ఉందా?"

"ఉందండీ. మందుల వేడి అనుకున్నాం."

కడుపులోంచి నీరు ఎక్కువగా తీయించుకునే కాలేయం జబ్బువాళ్లకి ఆల్బుమిన్ ఎక్కించడం అవసరమే. ఇక్కడ అది నిప్పుని వదిలేసి పొగని విసనకర్రతో తోలడం లాంటిది. ఆంకాలజీ డాక్టరుకి ఫోన్ చేసి నోటి సంగతి చెప్పాను. ఆయన చూసి ఫంగస్‌కి మందు, నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాశారు. తర్వాతి రిపోర్టులో ఆల్బుమిన్ పెద్దగా కదల్లేదు. కానీ నాన్నగారు కంచం ముందు కూర్చుని పెరుగన్నం తిన్నారని కొడుకు చెప్పాడు. అంకె కదలకపోయినా ఆ పూట ఆయన తిన్నారు. ఆ అంకె వల్లే నోటి సంగతి బయటపడింది. నా ఉద్దేశంలో ఈ పరీక్షల అసలు ప్రయోజనం ఇదే.

మనిషి బాధలను ఇలా పట్టించుకుంటే ఏమవుతుంది? బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పాకిపోయిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో వచ్చిన 151 మంది మీద జెన్నిఫర్ టెమెల్ బృందం చేసిన అధ్యయనం 2010లో వచ్చింది. మామూలు చికిత్సతో పాటు మొదటినుంచే నొప్పి, ఆయాసం, దిగులు పట్టించుకునే పాలియేటివ్ వైద్యం కూడా అందినవాళ్లు మధ్యస్థంగా 11.6 నెలలు బతికారు. అందనివాళ్లకి అది 8.9 నెలలు. గడ్డని తాకని వైద్యం అది. పాలియేటివ్ అనగానే ఇక ఆశ వదులుకోమన్నట్టే అనుకునే మన ఇళ్లలో ఈ సంగతి గట్టిగా చెప్పాల్సి ఉంది.

ఇక ఈ అంకెలు తప్పుదారి పట్టించే సందర్భాలు. పెమెట్రెక్సెడ్ అనే కీమో మందు ఇచ్చేముందు రోజు నుంచే డెక్సా (డెక్సామెథసోన్) మాత్రలు మొదలుపెడతారు. మెదడులో వాపు ఉంటే డెక్సా రోజూ నడుస్తుంది. ఆ స్టెరాయిడ్ పాలీలను పెంచి లింఫులను తగ్గిస్తుంది, జబ్బు కదలకపోయినా నిష్పత్తి ఎగబాకుతుంది. తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్‌తోనూ అంతే. రక్తం తీసేటప్పుడు సన్నసూదితో గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి, వాటిలోని ఎల్‌డీహెచ్ సీరంలోకి వచ్చేస్తుంది. ట్యూబులో సీరం గులాబీరంగుకి తిరిగితే ఆ అంకెను నమ్మకుండా మళ్లీ శాంపిల్ అడుగుతాం. సీఆర్‌పీ న్యుమోనియాకీ పెరుగుతుంది, టీబీకీ పెరుగుతుంది. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో పెరిగిన సీఆర్‌పీని క్యాన్సర్ లెక్కలో వేసేసే ముందు కఫం పరీక్ష గురించి కూడా అడగాలి.

ఇంకో చిక్కు ఉంది. "నాన్నకి ఏమీ చెప్పొద్దండీ" అనే మాట రోజూ వింటాను. ప్రేమతోనే అంటారు. పొలం ఎవరి పేర రాయాలో, కూతుర్ని విజయవాడ నుంచి ఎప్పుడు రమ్మనాలో తేల్చుకోవాల్సిన మనిషి మాత్రం వార్డులో మంచం మీద ఉంటాడు. ఎన్నాళ్లని అడగాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ముందు ఆయనది. అడిగితే జవాబు చెప్పాల్సింది ఆయన్ని చూస్తున్న డాక్టరు, కాగితం మీది నిష్పత్తి కాదు.

నిష్పత్తి రిపోర్టు రిపోర్టుకీ ఎక్కుతూ ఉంటే ఇప్పుడు కాగితం పంపేసి ఊరుకోను. వార్డుకి ఫోన్ చేస్తాను. డెక్సా ఇచ్చారా? జ్వరం ఉందా? దగ్గులో కఫం రంగు మారిందా? తిండి ఎలా ఉంది, నొప్పి ఎలా ఉంది, రాత్రి నిద్ర పడుతోందా?