వినేవాడి డాలరు

అమెరికా పాట అనగానే చెవులు మూసుకునే పెద్దలు మా ఇంటిలోనూ ఉన్నారు. ఆ హోరులో మాటేదో రాగమేదో తేలదని వారి ఫిర్యాదు. అయినా టామ్ పెటీ, ఆయన హార్ట్‌బ్రేకర్స్ బృందం కథ ఇంటిల్లిపాదీ చెప్పుకోదగినదేనని మా అభిప్రాయం.

పెటీ ఫ్లారిడాలోని గేన్స్‌విల్ ఊరివాడు. గిటారు మైక్ కాంప్‌బెల్, పియానో బెన్‌మాంట్ టెంచ్ వంటి జతగాళ్లతో లాస్ ఏంజెలెస్ చేరాడు. 1976లో బృందం తొలి ఆల్బమ్ వెలువడింది. ముందుగా చెవి ఒగ్గినది సొంత దేశం కాదు, ఇంగ్లండు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మనవాళ్లు. వీరు రచ్చ గెలిచి ఇంటికి వచ్చారు.

1978లో రెండవ ఆల్బమ్ వచ్చింది. మరుసటి ఏడు వీరి రికార్డుల కంపెనీని ఎమ్‌సీఏ కొన్నది. సంతలో గొడ్డులాగా తన ఒప్పందం చేతులు మారడమేమిటని పెటీ ఎదురు తిరిగాడు. పాత ఒప్పందం తెంచుకునే దారి వెతికి దివాలా పిటీషను వేశాడు. చివరకు రాజీ కుదిరింది. 1979లోనే వెలువడిన ‘డామ్ ది టార్పెడోస్’ అమెరికా పట్టికలో 2వ స్థానానికి ఎగబాకింది.

అసలు ముచ్చట ఆ తరువాతది. 1981లో ‘హార్డ్ ప్రామిసెస్’ సిద్ధమైంది. గిరాకీ చూసిన కంపెనీ వెలను 8.98 డాలర్ల నుంచి 9.98కి పెంచబోయింది. పెటీ ససేమిరా అన్నాడు. ఆల్బమ్‌కు పాత వెలనే పేరుగా పెడతానని బెదిరించాడు కూడా. కంపెనీ దిగివచ్చింది. బజారులో వెల ఒకసారి పెరిగితే మళ్లీ తగ్గదని సంసారం ఈదేవారికి వేరే చెప్పాలా?

1985లో వచ్చిన ‘సదర్న్ ఎక్సెంట్స్’ అంటే మాకు మరింత దగ్గరతనం. తన దక్షిణాది యాసకు సిగ్గుపడనివాడి మాట అందులో ఉంది. అరవదేశంలో తరతరాలుగా ఉంటూ, “మీ తెలుగు అదోలా ఉందే” అని బంధువులచేత అనిపించుకునే మాబోటివారికి ఆ సంగతి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

2014లో ‘హిప్నాటిక్ ఐ’తో ఆ బృందం మొదటిసారిగా అమెరికా పట్టికలో 1వ స్థానం అందుకొన్నది. 2017 అక్టోబరు 2న, 66వ ఏట, పెటీ కన్నుమూశాడు.

పై మెట్టు ఎక్కడానికి 38 ఏళ్లు పట్టింది. వినేవాడి డాలరు మాత్రం 1981లోనే మిగిలింది. మా లెక్కలో ఈ రెండవదే పెద్దది.