క్యారిచ్: ప్రశ్న అడిగేదెవరు?

స్కాట్లాండు దేశపు పాతకాలపు జనభాషలో ‘క్యారిచ్’ అనే పదమొకటి ఉండేది. ప్రశ్నోత్తరరూపమైన క్రైస్తవ మతబోధ గ్రంథానికి అది నామం. ఆంగ్లంలో ‘కాటకిజం’ అనేది ఇదే. దీని గ్రీకు మూలానికి ‘చెవిలో మారుమ్రోగేటట్లు పలుకుట’ అని అర్థం. శ్రవణమే విద్యకు ద్వారమనే భావన ఆ ధాతువులోనే నిక్షిప్తమై ఉన్నది. ఆ పదం ఫ్రెంచి మీదుగా స్కాట్లాండు చేరి ‘క్యారిచెస్’ అయింది. చివరి సకారధ్వనిని అక్కడి జనులు బహువచన ప్రత్యయమని భ్రమించి, దానిని తొలగించి, ‘క్యారిచ్’ అనే ఏకవచనాన్ని కల్పించుకున్నారు. వైయాకరణుల దృష్టిలో ఇది దోషమే. అయినా పండితుల పదం పామరుల ఇంటి పదమైనది ఆ దోషం వల్లనే.

లండనులోని వెస్ట్‌మినిస్టరులో సమావేశమైన మతాచార్యుల సభ 1647లో సంక్షిప్త ప్రశ్నోత్తర గ్రంథాన్ని పూర్తి చేసింది. మరుసటి సంవత్సరం స్కాట్లాండు చర్చి మహాసభ దానిని ఆమోదించింది. అందులో ప్రశ్నలు 107. తొలి ప్రశ్నయే పరమపురుషార్థాన్ని గురించినది. పసివాని ముందు పెట్టిన మొదటి ప్రశ్న అది కావడం సామాన్య విషయం కాదు. జనులు ఈ చిన్న గ్రంథాన్ని ‘సింగిల్ క్యారిచ్’ అన్నారు. బడిపిల్లల ప్రతులకు వెనుక ఎక్కాల పట్టికను కూడ ముద్రించేవారు. లెక్కలూ మోక్షమార్గమూ ఒకే పుస్తకంలో, ఒకే పద్ధతిలో కంఠస్థమయ్యేవి.

పరీక్ష పిల్లలకు మాత్రమే పరిమితం కాలేదు. మతగురువు గ్రామాలకు వచ్చి, గృహస్థులను, సేవకులను సహితం కూర్చోబెట్టి ప్రశ్నించేవాడు. అందువల్లనే కాబోలు, ‘వానికి వాని క్యారిచ్ ఇచ్చాను’ అంటే ‘గట్టిగా చీవాట్లు పెట్టాను’ అనే అర్థం కూడ స్థిరపడింది. ఆశీర్వాదపు అక్షతలను ‘అక్షింతలు పడ్డాయి’ అంటూ తిట్లుగా మార్చుకున్న తెలుగువారికి ఈ పరిణామం వింతగా తోచదు.

అర్థం తెలియని వయస్సులో కంఠస్థం చేయించడం తప్పా? వేదపాఠశాలలో సంత చెప్పించుకున్న వారెవ్వరూ దానిని తప్పనరు. ధారణ ముందు, అర్థవిచారం పిదప. అయితే అర్థమెరుగక వేదాన్ని మోసేవానిని బరువు మోసే స్తంభంతో పోల్చిన హెచ్చరిక నిరుక్తంలోనే ఉన్నది. కనుక విచారించవలసినది కంఠస్థవిద్యను గురించి కాదు, ప్రశ్న ఎవరిది అన్న అంశాన్ని గురించి.

క్యారిచ్‌లో ప్రశ్న గురువుది, సమాధానం శిష్యునిది. ఆ సమాధానం కూడ ముందే అచ్చయినది. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబూని పిప్పలాద మహర్షిని ఆశ్రయిస్తారు. ఆయన వారిని ప్రశ్నించడు. ఒక సంవత్సరం తపోబ్రహ్మచర్యాలతో నివసించి, ఆపై తమకు నచ్చినది అడగమంటాడు. తనకు తెలిసినట్లయితే చెబుతానంటాడు. ఆకలి వేయనివానికి అన్నం పెట్టడానికీ, ఆకలిని పెంచి అన్నం పెట్టడానికీ ఉన్నంత అంతరం ఈ రెండింటి మధ్య ఉన్నది. పసితనంలో నాటిన సమాధానం ఏనాటికైనా తన ప్రశ్నను వెదుక్కుంటుందని క్యారిచ్ పక్షాన వాదించవచ్చు. అది త్రోసిపుచ్చదగిన వాదం కాదు. కాని వెదుక్కోనివారి సంగతేమిటి?

ఈ చింత ఆ దేశంలోనే ఒక పేద కృషీవలునికి కలిగినట్లున్నది. అతడు విలియం బర్న్స్, స్కాట్లాండు జాతీయకవిగా కీర్తిగాంచిన రాబర్ట్ బర్న్స్ తండ్రి. తోటమాలిగా, కౌలురైతుగా జీవించి 1784లో అప్పుల బాధల మధ్య మరణించాడు. చర్చి బోధించిన క్యారిచ్ అందుబాటులో ఉండగానే, అతడు తన సంతానం కోసం వేరొక చిన్న మతబోధను రచించుకున్నాడు. బడిపంతులు జాన్ మర్డక్ దాని భాషను సరిదిద్దాడు. అదీ సంవాదమే, తండ్రికీ కొడుకుకూ మధ్య నడుస్తుంది. చర్చి సిద్ధాంతంలోని కాఠిన్యం ఇందులో కొంత మెత్తబడింది. అంతకన్న విశేషం దాని ఆరంభంలో ఉన్నది. కొన్ని ప్రశ్నలు అడగడానికి అనుమతి కోరుతూ మొదట నోరు విప్పేది కుమారుడు. సమాధానం చెప్పవలసిన భారం తండ్రిది.