లాడ్జి గదిలో పొయ్యి వెలిగించవచ్చునా?



పటాన్‌చెరు దాటి గడ్డపోతారం, కాజీపల్లి, బొంతపల్లి ప్రాంతాల ఔషధ, రసాయన పరిశ్రమలకు పనిమీద వచ్చేవారిలో రెండు రకాలవారు కనిపిస్తారు. తనిఖీకో, యంత్రం బిగించడానికో వచ్చి నాలుగు రోజులు లాడ్జిలో దిగేవారు ఒక రకం. నెలల తరబడి ఉండవలసి వచ్చి, కాంట్రాక్టరు కుదిర్చిన గదిలో నలుగురైదుగురు కలసి సర్దుకొనేవారు రెండవ రకం. ఇద్దరి సామానులోనూ వంట సరంజామా ఉంటుంది. చిన్న కరెంటు కుక్కరో, ఇండక్షన్ పొయ్యో, నీళ్ళు కాచుకొనే రాడ్డో, కొందరి వద్ద చిన్న గ్యాస్ సిలిండరో. "అద్దె కట్టిన గది మాది, అందులో మా అన్నం మేము వండుకొంటే తప్పేమిటి డాక్టరుగారూ?" అని నన్ను అడిగినవారు అనేకులు. లాడ్జి యజమానులు దీనికి గోడమీద ఒక బోర్డు తగిలించి ఊరుకొంటారు. నిషేధమని వ్రాసి ఉంటుంది గాని కారణం వ్రాసి ఉండదు. కారణం తెలియని నిషేధాన్ని మనవారు ఎంతవరకు పాటిస్తారో మీకు తెలియనిది కాదు.

ముందుగా వండుకొనేవారి పక్షాన నాలుగు మాటలు చెప్పడం న్యాయం. ఉప్పు తగ్గించండి, నూనె తగ్గించండి, బయట తినకండి అని రక్తపోటు రోగికీ, మధుమేహ రోగికీ, మూత్రపిండాల రోగికీ చెప్పేది వైద్యులమే. ఆ మాటను శ్రద్ధగా విన్న మనిషి కుక్కరును సంచిలో పెట్టుకొని బయలుదేరితే అతనిని నేరస్థునిలా చూడరాదు. అయ్యప్ప దీక్షలో ఉన్నవారు హోటలు భోజనం ముట్టరు. నెల జీతంలో ఇంటికి పంపవలసినది పోను మిగిలే కొద్దిపాటి డబ్బుతో మూడు పూటలా హోటలులో తినడం కార్మికునికి సాధ్యమూ కాదు.

పైగా ప్రయాణంలో స్వయంపాకం మనకు కొత్త కాదు. 1830-31లో చెన్నపట్నం నుండి కాశీకి వెళ్ళివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాలంలో బాటసారులు మజిలీ చేరగానే చేసే మొదటి పని పొయ్యి రాజేయడం. అయితే ఆ పొయ్యి ఎక్కడ రాజేసేవారో గమనించండి. చెట్టుకింద, లేదా సత్రపు పెరటిలో, వంటకొట్టంలో. పడుకొనే చోటు వేరు, నిప్పు ఉండే చోటు వేరు. నేటి లాడ్జి గదికి పెరడు లేదు. ఏసీ చల్లదనం పోకుండా కిటికీలు బిగించి ఉంటాయి. పరుపు, తెర, ప్లైవుడ్ అలమర, అన్నీ మండే వస్తువులే. పొయ్యికీ దిండుకూ మధ్య రెండడుగుల దూరం కూడా ఉండదు. అలవాటు పాతదే, దానికి తగిన చోటు మాత్రం మాయమైంది.

ఇక కరెంటు సంగతి. ఇండక్షన్ పొయ్యి పూర్తి వేడిమీద 2000 వాట్లు తీసుకొంటుంది. మన 230 వోల్టుల సరఫరాలో అది దాదాపు 8.7 ఆంపియర్లు. మంచం పక్కన ఫోను ఛార్జింగు కోసం అమర్చే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు ఉద్దేశించినది. పొయ్యి ప్లగ్గు లావుగా ఉండి అందులో దూరకపోవడం ఒక హెచ్చరిక. దానిని మనవారు ఇరవయ్యో ముప్పయ్యో రూపాయల కన్వర్టరుతో జయిస్తారు. సాకెట్టు వెంటనే మండదు. గోడలోపలి తీగ వేడెక్కుతుంది, పైపొర మెత్తబడుతుంది, ఏ రాత్రివేళనో రవ్వ పుడుతుంది. అప్పటికి వంట చేసిన అతిథి గది ఖాళీ చేసి వెళ్ళి ఉండవచ్చు, ఆ మంచంమీద మరొకరు నిద్రిస్తూ ఉండవచ్చు.

చిన్న కుక్కరు 400 నుండి 700 వాట్లు మాత్రమే తీసుకొంటుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే, లెక్క ప్రకారం అది సాకెట్టుకు బరువు కాదు. చిక్కంతా దానిని వదలి వెళ్ళడంలో ఉంది. గది తాళపు కార్డు తీస్తే కరెంటు పోతుంది కాబట్టి, దాని స్థానంలో ఒక విజిటింగ్ కార్డు గుచ్చి, కుక్కరు పెట్టి, కిందికి వెళ్ళి కూర తెచ్చుకొనే మహానుభావులున్నారు. తాలింపు పొగకు అలారం మోగుతుందని పైకప్పు మీది పొగ పరికరానికి ప్లాస్టిక్ సంచి కట్టేవారూ ఉన్నారు. ఈ విద్య అమెరికా మోటళ్ళలో దిగే మన తెలుగువారికి కూడా బాగా పట్టుబడిందని విన్నాను. సందర్భం వచ్చింది కాబట్టి చెబుతున్నాను, అక్కడ 120 వోల్టులకు తయారైన కుక్కరును ఇక్కడ నేరుగా 230 వోల్టులకు తగిలిస్తే అది మూడున్నర రెట్లకు పైగా శక్తిని లాగుతుంది. పిల్లలు ప్రేమతో పంపిన వస్తువైనా సరే, ముందు దాని అడుగున వ్రాసిన అంకెలు చదవండి.

కరెంటు కన్నా గ్యాస్ అనేక రెట్లు భయంకరమైనది. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషను వద్ద నిలిపి ఉంచిన యాత్రికుల పెట్టెలో జరిగినది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. లక్నో వైపు నుండి తీర్థయాత్రకు వచ్చినవారు రహస్యంగా తెచ్చుకొన్న సిలిండరుతో వేడి పానీయం కాచుకోబోగా నిప్పంటుకొని తొమ్మిదిమంది మరణించారు. రైలు పెట్టె అయినా లాడ్జి గది అయినా వాయువు స్వభావం ఒకటే. వంటగ్యాసు గాలికన్నా బరువైనది. కారితే పైకి పోదు, నేలమీద పరచుకొని మంచం కింద చేరుతుంది. దానికి కలిపిన ఘాటైన వాసన మనలను హెచ్చరించాలి గాని, నిద్రపోతున్నవాని ముక్కు ఆ పని చేయదు. వాసన తగిలినప్పుడు స్విచ్చు వేయకండి, తీయకండి. తలుపులు తెరచి బయటికి నడవండి. పెద్ద సిలిండరు నుండి చిన్నదానిలోకి దొంగచాటుగా గ్యాస్ నింపే దుకాణాలు కార్మికుల బస్తీల చుట్టూ ఉంటాయి. ఆ సిలిండరు వాల్వును పరీక్షించేవారు ఎవరూ ఉండరని గుర్తుంచుకోండి.

కనబడని అపాయం మరొకటి, కార్బన్ మోనాక్సైడు. చలికాలంలో ఈ ప్రాంతంలో రాత్రి చలి గట్టిగానే ఉంటుంది. బొగ్గుల కుంపటిమీద రొట్టెలు కాల్చుకొని, అదే కుంపటిని వెచ్చదనానికి గదిలో ఉంచి తలుపు వేసుకొని పడుకొనేవారున్నారు. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కన్నా 200 రెట్లకు మించిన బలంతో పట్టుకొంటుంది. మొదట తలనొప్పి, వికారం, నీరసం. ఏదో తిన్నది పడలేదనుకొని మనిషి మళ్ళీ పడుకొంటాడు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వస్తే ఈ వాయువును అనుమానించండి. కోవిడ్ నాటి నుండి ఇంటింటా ఉన్న పల్స్ ఆక్సీమీటరును ఇక్కడ నమ్మకండి. అది మోనాక్సైడు పట్టుకొన్న హిమోగ్లోబిన్‌ను కూడా ప్రాణవాయువు ఉన్నదిగానే లెక్కించి 98, 99 చూపుతుంది. రోగిని బయటి గాలిలోకి చేర్చి 108కి ఫోను చేయాలి. మామూలు గాలిలో ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడితే, ఆసుపత్రిలో పూర్తి ఆక్సిజన్ ఇచ్చినప్పుడు గంట, గంటన్నరలో తగ్గుతుంది.

అగ్నిప్రమాదాలలో చాలామంది మంటకు ముందు పొగకే ప్రాణం విడుస్తారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక భవనం అడుగు భాగంలోని విద్యుత్ వాహనాల షోరూములో నిప్పు పుట్టింది. పైన లాడ్జి. అక్కడ ఎవరూ వంట చేయలేదు, కారణం వేరు. కాని పొగ మెట్లదారి పట్టి పైఅంతస్తులు నింపింది. ఎనిమిదిమంది మరణించారు. లాడ్జిలో ఒక గదిలో పుట్టిన పొగ ఆ గదితో ఆగదు. మెట్లు ఒక్కటే అయినప్పుడు అది అందరి దారినీ మూసివేస్తుంది. గదికి అద్దె కట్టాము గనుక మా ఇష్టమనే వాదం నా దృష్టిలో నిలబడనిది ఇక్కడే. మీ గది నాలుగు గోడలకు మీరు డబ్బు కట్టారు, మెట్లు అందరివీ.

ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన కాలంలో కాలిన గాయాలతో వచ్చినవారిని ఎందరినో చూశాను. వారిలో సగంమంది గాయాన్ని టూత్‌పేస్టుతోనో, సిరాతోనో, పసుపుతోనో పూసుకొని వచ్చేవారు. ముందు దానిని కడగడానికే మాకు అరగంట, రోగికి నరకం. కాలిన వెంటనే చేయవలసినది కుళాయి నీటి ధార కింద ఇరవై నిమిషాలు ఉంచడం. మంచుగడ్డలు వద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయండి. అంటుకొన్న గుడ్డను లాగకండి. శుభ్రమైన బట్ట కప్పి తీసుకురండి. బాణలిలో నూనె మండితే నీళ్ళు పోయరాదు. పొయ్యి ఆపి పళ్ళెం మూయండి.

సరే, నాలుగు రోజులు లాడ్జిలో ఉండే రోగి ఏమి తినాలి? పొయ్యి అక్కరలేని తిండి మన ప్రాంతంలో కొదువ లేదు. అటుకులు పెరుగులో నానబెట్టుకోవచ్చు. పేలపిండి, వేయించిన శనగలు, పల్లీలు, జొన్న పేలాలు, ఇంటినుండి తెచ్చుకొన్న ఎండు జొన్నరొట్టెలు, కీరా, జామకాయ ఉన్నాయి. హోటలువానిని అడిగితే కారం లేని పప్పు, ఉప్పు తక్కువ ఇడ్లీ పిండి దొరకకపోవచ్చు గాని, చట్నీ, సాంబారు తగ్గించుకొని తినడం మన చేతిలోనే ఉంది. ఒక విచిత్రం చెబుతాను. హోటలు కూరలో ఉప్పు ఎక్కువని కుక్కరు మోసుకొచ్చినవారు గదిలో అన్నం వండి తినేది దేనితో? ఆవకాయతో. ఆ నాలుగు ముద్దలలోని ఉప్పు హోటలు కూరను మించిపోతుంది.

ఇన్సులిన్ తీసుకొనేవారికి ప్రత్యేకంగా ఒక మాట. కుక్కరు పెట్టి, సూది వేసుకొని కూర్చోకండి. కరెంటు పోతే అన్నం ఉడకదు, ఇన్సులిన్ మాత్రం ఆగదు. తిండి కళ్ళెదుట సిద్ధమైన తరువాతే సూది. అలాగే పొద్దున వండిన అన్నాన్ని ఎండాకాలపు గదిలో రాత్రి షిఫ్టు దాకా ఉంచి తినడం మంచిది కాదు. బియ్యంలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వెచ్చని అన్నంలో అవి పెరిగి విడిచే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కొద్ది గంటలలోనే వాంతులు మొదలవుతాయి.

నెలల తరబడి ఉండే కార్మికుని విషయంలో మాత్రం అటుకులు తినమనే సలహా చెప్పడానికి నాకు నోరు రాదు. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి వేడి అన్నం కావాలి. అతని గదిలో పొయ్యి ఉన్నదంటే అతనికి వంటకు చోటు ఎవరూ ఇవ్వలేదని అర్థం. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కింద కేంద్రం చేసిన నియమాలలోనే, కుటుంబంతో ఉండే కార్మికునికి గదితోపాటు వరండా, వంటకు విడిగా కప్పు ఉన్న చోటు కల్పించాలని ఉండేది. అప్పటి అధికారులకు తెలిసిన విషయం నేడు గదులు కట్టి అద్దెకిచ్చేవారికి తెలియదనుకోను. నాలుగు రేకులు, ఒక బండ, గాలి పారే జాగా, సిలిండరు బయట ఉండే ఏర్పాటు. ఒక నెల అద్దెతో తీరే ఖర్చు. పాశమైలారంలో 2025 జూన్ 30న జరిగిన ఘోరాన్ని చూసిన ఈ ప్రాంతంలో, కర్మాగారపు గేటు లోపల అగ్గిపెట్టెను కూడా అనుమతించని యాజమాన్యాలు, అదే కార్మికుడు పడుకొనే గదిలో సిలిండరు ఎలా ఉందో అడగకపోవడం నాకు అంతుపట్టదు.

చివరకు మిగిలినది కెటిల్. లాడ్జివారు ఇచ్చినదైతే, దానికి తగిన సాకెట్టులోనే పెట్టి, ఎదుట నిలబడి నీళ్ళు కాచుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అందులో నూడుల్సు, గుడ్లు ఉడికించకండి, తరువాతి అతిథి కూడా మనిషే. అయితే ఏ నీరు కాస్తున్నారన్నది ఇక్కడ ముఖ్యం. పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి పరిసరాల భూగర్భజలాల కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. ఆర్సెనిక్ వంటి విషపదార్థాలు ఈ నేలలోనూ నీటిలోనూ ఉన్నట్లు పరిశోధనలు చెప్పాయి. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి, లోహాలు, లవణాలు పోవు. నీరు ఆవిరైన కొద్దీ వాటి గాఢత పెరుగుతుంది కూడా. బోరు నీటిని కాచి చల్లార్చి తాగుతున్నాము, మాకేమీ కాదని ధైర్యంగా ఉన్నవారు ఇది గమనించాలి. పసిబిడ్డతో ప్రయాణించి గదిలో డబ్బాపాలు కలిపే తల్లులు మరింత జాగ్రత్త వహించాలి. నీరు కనీసం 70 డిగ్రీల వేడిమీద ఉండగానే పొడి కలిపి, సీసాను చన్నీటిలో ఉంచి చల్లార్చి, ముంజేతిమీద ఒక చుక్క వేసి చూసి పట్టండి. ఆ కెటిల్‌లో పోసే నీరు గది కుళాయిది కాక, మూత విప్పని సీసాదో, సరఫరా చేసే మంజీరా నీరో అయి ఉండాలి.