నొప్పి తెలియని వ్రేలు



నిరుడు వానకాలములో ఒక రాత్రి ప్రార్థన కూడికకు వెళ్లుచు, చీకటిలో మందిరపు గడపరాతికి కుడికాలి బొటనవ్రేలు కొట్టుకొంటిని. మరునాటికి గోరు క్రింద రక్తము గడ్డకట్టి నల్లబడెను. నొప్పి అంతగా లేదు. చిన్న దెబ్బకు కుంటువాడను కానని లోలోపల అతిశయించితిని. ఎవరికిని చెప్పలేదు.

పది దినములు గడిచెను. ఒక రాత్రి నా భార్య దుప్పటిమీద చీమును చూచెను. పళ్లెములో గోరువెచ్చని నీళ్లు తెచ్చి, నేలమీద కూర్చుండి, “ఏమండీ, కాలు ఇటు పెట్టండి” అనెను. నేను కాలు వెనుకకు తీసికొంటిని. ఇరువదియైదేండ్లుగా ప్రభువు శిష్యుల పాదములు కడిగిన సంగతిని బోధించుచు, వద్దన్న పేతురును తప్పుపట్టినవాడను. ఆ రాత్రి నేనే పేతురునైతిని. ఆమె మరల అడుగలేదు. కాలు పట్టుకొని కడిగెను.

మరునాడు డాక్టరుగారు ఒక నైలాను పోగును నా వ్రేలికి ఆనించి, “తెలుస్తున్నదా?” అని అడిగిరి. తెలియలేదు. “అయ్యగారూ, నొప్పి లేకపోవడం బలం కాదు. మధుమేహం మీ కాలి నరాలను పాడుచేసింది. ఇంకా ఆలస్యం చేస్తే వ్రేలు తీయవలసి వచ్చేదేమో” అనిరి. నేను సిగ్గుతో తల వంచుకొంటిని.

1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండుగారు కుష్ఠరోగుల చేతులను, పాదములను పరిశీలించి ఈ సంగతినే గ్రహించిరి. వ్రేళ్లు పోవుటకు ముఖ్య కారణము, స్పర్శ లేనందున పదే పదే తగులు దెబ్బలును, కాలిన గాయములును. నొప్పి మనకు కావలివాడు. కావలివాడు నిద్రించినచోట కన్నులు మేలుకొనవలెను.

కాబట్టి నలిగిన గోరును లాగి పెరుకవద్దు; క్రింది మెత్తని చర్మమునకు అదియే కప్పు. వదులైన కొనను మాత్రమే కత్తిరించి, సబ్బునీటితో కడిగి, శుభ్రమైన గుడ్డ కట్టుడి. పేడ, సున్నము, ఆకుపసరు పూయవద్దు. గాయమునకు మట్టి తగిలినయెడల ధనుర్వాతపు సూదినిగూర్చి డాక్టరును అడుగుడి. గోళ్లను అడ్డముగా తిన్నగా కత్తిరించుడి. మూలలు లోతుగా కోసినయెడల గోరు కండలోనికి దిగి చీము పట్టును. గోరుచుట్టుమీద రోకటిపోటు ఎట్టిదో మన పెద్దలు ఊరకే చెప్పలేదు.

మధుమేహము గలవారు చెప్పులు లేకుండ నడువవద్దు. ప్రతి రాత్రి కాళ్లు కడిగి, వ్రేళ్ల సందులు తడి లేకుండ తుడిచి, అరికాలు చూచుకొనుడి. చూపు ఆననివారు ఇంటివారిచేత చూపించుకొనుడి. ఎరుపు, వాపు, చీము కనబడినయెడల ఆ దినమే ఆస్పత్రికి వెళ్లుడి.

కాలి బొటనవ్రేలి గోరు పూర్తిగా పెరుగుటకు ఏడాది మొదలుకొని ఏడాదిన్నర పట్టును. నాది ఇంకను సగమే వచ్చినది. నా భార్య ప్రతి రాత్రి దీపము దగ్గరకు తెచ్చి చూచుచున్నది. ఇప్పుడు నేను కాలు వెనుకకు తీసికొనుట లేదు.

మీ యింట ముసలివారున్నయెడల ఈ రాత్రి పళ్లెముతో నీళ్లు తెచ్చి వారి యెదుట కూర్చుండుడి. మొదట వద్దందురు. అయినను కూర్చుండుడి.