పడవ ఎక్కినోడి హిస్సా

మౌలాలిలో పుట్టి పెరిగినోడికి సముందర్‌తో ఏం పని? మాకు తెలిసిన నీళ్ళు మూడే: కాప్రా చెరువు, సఫిల్‌గూడ చెరువు, ఇంటి ముందు నల్లా. మూడోది కూడా రోజు విడిచి రోజు. అలాంటి నేను యాభై ఆరేళ్ళ వయసులో, 2024 జనవరిలో, దుబాయిలో చేపల వేటకని పడవెక్కాను. ఒక్క చేప కూడా పట్టలేదు. కానీ ఆ పడవ మీంచి తెచ్చుకున్నది నాకు ఇంకా అరగలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు మా అబ్బా సంగతి చెప్పాలి. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. ఇత్వార్ వచ్చిందంటే ఫజర్ నమాజ్ కాగానే సైకిల్‌కి వెదురు గాలం కట్టుకుని కాప్రా చెరువుకి పోయేవాడు. ముందు కడ్డీ మీద మా చెల్లె మున్నీ కూర్చునేది, చేతిలో డాల్డా డబ్బా. ఆ డబ్బాలో ఎర్రలు. శనివారం సాయంత్రమే నల్లా పక్కన తడి మట్టి తవ్వి వానపాముల్ని ఏరి పెట్టేది అదే. మేం అన్నదమ్ములిద్దరం దుప్పట్లో ఉండేవాళ్ళం. పదింటికి చేపలొస్తే లేచేవాళ్ళం. అమ్మీ చింతపండు పోసి ఖట్టా సాలన్ చేసేది. తలకాయ అబ్బాకి, నడిమి ముక్కలు మా ఇద్దరికి, తోక ముక్క మున్నీకి. ఎవరూ నియమం పెట్టలేదు. అట్లా జరిగిపోయేది, అంతే.

అమ్మీ ముందు పోయింది, 2019లో అబ్బా పోయాడు. గుట్ట కింద ఇల్లు, నూట ఇరవై గజాలు. దాబా ఎక్కితే గుట్ట మీద మౌలా అలీ దర్గా, కింద మహ్ లఖా బాయి చందా మక్బరా చుట్టూ చెట్లు కనిపించేవి. రజబ్‌లో ఉర్స్ వస్తే మా గల్లీలో కాలు పెట్టడానికి జాగా ఉండేది కాదు. 2021లో ఆ ఇల్లు అరవై లక్షలకి అమ్మేశాం. రిజిస్ట్రేషన్ రోజు మున్నీ కాజీపేట నుంచి వచ్చి, చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. "నాకేం వద్దు భాయిజాన్, మాఫ్ కర్‌దీ" అంది. మేం ఆమె చేతిలో రెండు లక్షలు పెట్టి, ఒక మంచి చీర పెట్టి రైలెక్కించాం. 'ఖుషీ' కింద.

ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. షరియత్ లెక్క ఐదు భాగాలు: మాకు రెండేసి, ఆమెకి ఒకటి. అన్నిసా సూరాలో అల్లాహ్ తానే తేల్చి పెట్టిన హిస్సా అది. అరవైలో పన్నెండు లక్షలు. ఇది నాకు తెలియదా? జకాత్ లెక్కల మీద మీకు పాఠాలు చెప్పినోణ్ణి నేనే. సిగ్గుకో, పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయానికో ఇచ్చిన మాఫీ మాఫీ కాదని ఉలమా చెప్పగా ఎన్ని జుమాల్లో తల ఊపానో! తల ఊపడానికి పైసా ఖర్చు లేదు కదా.

ఆ డబ్బులో నా వాటా నా బిడ్డ షాదీకి పోయింది. తమ్ముడిది అప్పులకి పోయింది. తర్వాత ఫోన్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నా, మున్నీ మాట మా ఇద్దరి మధ్యకి రాలేదు. రానివ్వలేదు.

తమ్ముడు దుబాయిలో ఏసీ మెకానిక్. పదిహేడేళ్ళయింది. నాకు విజిట్ వీసా తీసి, "శనివారం మచ్లీ పట్టడానికి పోదాం భాయ్, సీట్లు బుక్ చేసిన" అన్నాడు. 2022 నుంచి అక్కడ సెలవు శని, ఆదివారాలకి మారింది. జుమా రోజు సగం పూట పని. మొత్తం పడవ కిరాయికి తీసుకుంటే వెయ్యి దిర్హాములు దాటుతుంది, అది షేక్‌లకి. మనలాంటోళ్ళకి సీట్ల లెక్క. మనిషికి రెండు వందల దిర్హాములు, నాలుగు గంటలు, గాలం, ఎర, మంచినీళ్ళు వాళ్ళవే. మన షేర్ ఆటో అనుకోండి. ఈసీఐఎల్ చౌరస్తాలో ఎక్కి మౌలాలి కమాన్ దగ్గర దిగినట్టే. కాకపోతే నచ్చకపోతే మధ్యలో దిగిపోవడానికి లేదు.

జుమైరా వైపు ఒక రేవులో, ఫజర్ చదువుకుని ఎక్కాం. పది మందిమి. ఇద్దరు ఫిలిప్పీన్ కుర్రాళ్ళు, ఒక మలయాళీ జంట, పెషావర్ నుంచి వచ్చి టాక్సీ నడుపుకునే ఖాన్ సాబ్, ఒక ముసలి తెల్లాయన, పదేళ్ళ కొడుకుతో ఒక మిస్రీ, మేమిద్దరం. కెప్టెన్ తమిళాయన. గాలాలు సర్దే కుర్రాడు మా మాటలు విని, "తెలుగోళ్ళా సార్? మాది సిక్కోలు" అన్నాడు. ఇంత దూరం వచ్చి ఆ మాట వింటే ఎవరి ప్రాణం లేచిరాదు చెప్పండి?

పడవ ఉరుకుతున్నంత సేపు నేను షేర్‌నే. వెనక బుర్జ్ అల్ అరబ్ చిన్నగా అయిపోయింది. కానీ ఇంజన్ ఆపి నీళ్ళ మీద వదిలేశాక మొదలైంది. పడవ ముందుకి పోదు, ఒక్కచోట ఆగదు, అటూ ఇటూ ఊగుతుంది. పొద్దున తిన్న పరాటా ఊగింది. యూనుస్ అలైహిస్సలాం చేప కడుపులో చదివిన ఆయతె కరీమా మొదలుపెట్టాను. సగంలోనే పడవ అంచు మీదికి ఒంగాల్సి వచ్చింది. సిక్కోలు కుర్రాడు నన్ను పట్టుకుని వెనకవైపు కూర్చోబెట్టి, "నీళ్ళకేసి సూడకండి సార్, దూరంగా ఆకాశం కలిసిన గీత సూడండి" అన్నాడు. నాలుగు గంటల్లో ఎక్కువ భాగం నేను ఆ గీతే చూశాను. మాత్ర రాత్రే వేసుకోవాలంట. నేను పడవెక్కాక వేసుకున్నాను.

అయినా కొంత చూశాను. ఈ ఖలీజ్ సముద్రం పేరుకే పెద్దది, సగటు లోతు ముప్పై అయిదు మీటర్లు. మన బంగాళాఖాతం ముందు ఇది తాంబాళం. అందుకే గాలం అడుగు దాకా దింపుతారు. సీసపు గుండు నేలకి తగలగానే దారం వదులవుతుంది, అప్పుడు రెండు చుట్లు పైకి తిప్పి పట్టుకోవాలి. ఎర స్క్విడ్ ముక్కలు. చేప కొరికితే చేతికి తెలుస్తుంది. "కాప్రా చెరువులో తెలిసినట్టే భాయ్" అన్నాడు తమ్ముడు. నేను ఏమనలేదు. వాడికి కాప్రా చెరువులో ఎట్లా తెలుస్తుందో ఏం తెలుసు? పోయింది మున్నీ కదా.

షేరీలు పడ్డాయి. తమ్ముడికి ఒక హమూర్ పడింది. కెప్టెన్ టేపు పెట్టి కొలిచాడు. నలభై ఐదు సెంటీమీటర్లు ఉంటేనే ఉంచుకోవాలని అక్కడి కానూన్. ఇది నాలుగు వేళ్ళు తక్కువ. మెల్లగా నీళ్ళలోకి వదిలేశాడు. సుర్మయిని అక్కడ కనాద్ అంటారు. అది గుడ్లు పెట్టే కాలమని ఏటా ఆగస్టు 15 నుంచి అక్టోబరు 15 దాకా దాని వేటే బంద్. తిరుగు దారిలో వెనక రెండు గాలాలు ఈడుస్తూ వస్తుంటే ఆ సుర్మయే మిస్రీ పిల్లాడి గాలానికి తగిలింది. పిల్లాడు లాగలేక అరుస్తుంటే ఖాన్ సాబ్ వెనక నుంచి వాడి నడుం పట్టుకున్నాడు, ఫిలిప్పీన్ కుర్రాడు రాడ్ పట్టుకున్నాడు, వాళ్ళ అబ్బా ఏమో వీడియో తీస్తూ కూర్చున్నాడు.

సముద్రం చేపకి జిబహ్ అక్కర్లేదు, అల్లాహ్ హలాల్ చేసి ఇచ్చాడు. నీళ్ళలో దానంతట అది చచ్చి తేలింది మాత్రం మన హనఫీలు తినరు. చేప మాట వస్తే అబూ ఉబైదా రజియల్లాహు అన్‌హు దండు గుర్తొస్తుంది. మూడొందల మంది, తిండి అయిపోతోంది. ఎవరి దగ్గర ఎన్ని ఖజూర్లున్నాయో అన్నీ ఒక్కచోట పోయించి రోజూ పంచారు. చివరికి మనిషికి ఒక్క ఖజూర్ దాకా వచ్చింది. అప్పుడు సముద్రం ఒడ్డుకి కొండంత చేపని తోసింది. మనం ఈ కిస్సా చెప్పేటప్పుడు చేప ఎంత పెద్దదో చెప్పి వదిలేస్తాం. ఖజూర్లు కలిపి పోసిన సంగతి ముందుందని మరిచిపోతాం.

రేవు దగ్గర పడుతుండగా కుర్రాడు ఐస్ పెట్టె తెరిచి చేపలన్నీ కింద పోశాడు. ఆ పడవల్లో మామూలుగా ఎవరు పట్టింది వాళ్ళదే. కానీ మలయాళీ జంటకీ తెల్లాయనకీ చేపలు వద్దు, కొందరికి నాలుగు, కొందరికి ఒకటి. కెప్టెన్ "నువ్వే పంచు" అన్నాడు. వాడు సుర్మయిని అడ్డంగా ముక్కలు కోసి, షేరీలతో కలిపి కుప్పలు పెట్టాడు. ఏడు మందికి ఏడు. చిన్నది ఉన్న కుప్పలో ఒక ముక్క ఎక్కువ వేశాడు. మిస్రీ పిల్లాణ్ణి అటు తిరిగి నిలబడమన్నాడు. వాడు ఒక్కో కుప్ప మీద వేలు పెట్టి "ఇది ఎవరిది?" అంటే పిల్లాడు చూడకుండా ఒక్కో మనిషి పేరు చెప్పాలి. మన కితాబుల్లో ఖుర్‌ఆ అంటామే, అదే. యూనుస్ అలైహిస్సలాంని పడవలోంచి తోసిందీ ఖుర్‌ఆనే కదా అని నవ్వొచ్చింది. నన్నేం చేస్తుందో చూద్దామనుకున్నాను. నా పేరుకి మూడో కుప్ప వచ్చింది.

"నాకెందుకు బేటా, నేనేం పట్టలేదు, కక్కుకుంటూ కూర్చున్నా" అన్నాను.

వాడు సంచి కట్టేస్తూనే అన్నాడు: "పడవెక్కినోడికి వాటా ఉంటాది సార్. కక్కినోడికీ ఉంటాది."

వాళ్ళ ఊళ్ళో లెక్క చెప్పాడు. డీజిల్, ఐస్, తిండి ఖర్చు తీసేశాక మిగిలింది వాటాలు. పడవకి వాటా, వలకి వాటా, మనిషికి వాటా. నడి సముద్రంలో జ్వరమొచ్చి పడుకున్నోడి వాటా తగ్గించరంట. "తగ్గిస్తే రేపు నాకు జొరమొస్తే ఏటి?" వాడి బాబాయి గుజరాత్ వెరావల్‌లో బోట్ల మీద పనిచేసేవాడంట. 2018 నవంబరులో ఆ వైపు నుంచి వేటకెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడినోళ్ళలో ఉత్తరాంధ్రవాళ్ళే ఎక్కువ. 2020 జనవరిలో వాఘా దగ్గర 20 మందిని వదిలారు. "నీళ్ళ మీద గీత ఎవడికి కనబడతాది సార్" అన్నాడు. ఖాన్ సాబ్‌కి హిందీలో చెప్తే ఆయన కాసేపు తల దించుకుని, తన కుప్పలోంచి ఒక షేరీ తీసి వాడి బకెట్లో వేశాడు.

ఈ ఖలీజ్‌లో వాటాలు కొత్త కాదు. మన పత్తర్‌గట్టీలో బస్రా మోతీ అని అమ్మే ముత్యాలు ఈ నీళ్ళవే. మునిగేవాడికి ఒక వాటా, పైన తాడు లాగేవాడికి అంతకంటే తక్కువ వాటా, పెట్టుబడి పెట్టిన వాడికి అప్పు కింద అన్నిటికంటే ఎక్కువ. జపాన్ పెంపుడు ముత్యాలు వచ్చి 1930ల్లో ఆ ధందా కూలిపోయింది. బద్ర్ జంగ్‌కి పోకుండా, జబ్బు పడిన భార్య రుఖయ్యా దగ్గర ఉన్న ఉస్మాన్ రజియల్లాహు అన్‌హుకి హుజూర్ గనీమత్‌లో హిస్సా ఇచ్చారు. ఇవన్నీ నాకు కారులో ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. పన్నెండు లక్షల లెక్క తప్ప అన్నీ గుర్తొచ్చాయి. నఫ్స్ అట్లా పని చేస్తుంది.

తమ్ముడి రూమ్‌లో వాడే వండాడు. అమ్మీ లాగా చింతపండు పోసి ఖట్టా. దస్తర్ఖాన్ పరిచి నా ప్లేట్లో వేసింది తోక ముక్క. వేసి, దాన్నే చూస్తున్నాడు.

"యే తో మున్నీకా హై" అన్నాడు.

చాలాసేపు ఇద్దరం ముట్టుకోలేదు. తర్వాత వాడే అన్నాడు, ఎంత ఇవ్వాలి భాయ్ అని. వాడికీ తెలుసు, పన్నెండు. రెండు ఇచ్చాం. మిగిలింది పది, చెరి ఐదు. వాడి దగ్గర లేదు, నా దగ్గర లేదు. నెలకి ఇంత అని రాసుకున్నాం, ఏసీ రిపేరు బిల్లు వెనక. అట్లా రాసుకోవడం మాకు తేలిక అనిపించలేదు. వాడు మధ్యలో ఒకసారి "ఆమే మాఫ్ చేసింది కదా" అన్నాడు. నేనూ అదే అనబోతున్నాను, వాడు ముందు అన్నాడు, అంతే తేడా. నా బేగం అయితే నేను తిరిగొచ్చాక రెండు రోజులు మాట్లాడలేదు. ఇంకో బిడ్డ షాదీ ఉంది మరి. ఆమె కోపం కూడా నాహక్ ఏం కాదు.

మున్నీకి ఫోన్ చేసి చెప్పాను. అటు వైపు చప్పుడు లేదు. "వద్దు భాయిజాన్" అంది మొదట. వద్దంటే కాదు, ఇది నీది అన్నాను. మళ్ళీ చప్పుడు లేదు. తర్వాత అడిగింది: "అబ్బా గాలం ఎవరి దగ్గరుంది?"

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పారేయలేక నా ఇంట్లో అటక మీద వేశాను. మూడేళ్ళు ఎవరూ అడగలేదు. మొదటి కిస్తు యాభై వేలు జేబులో పెట్టుకుని, ఆ వెదురు గాలం చేత్తో పట్టుకుని, మౌలాలి స్టేషన్‌లో కాజీపేట పుష్‌పుల్ ఎక్కాను. అది లోపల పట్టలేదు. తలుపు దగ్గర నిలువుగా పట్టుకుని నిలబడ్డాను. ఘట్‌కేసర్‌లో ఎక్కిన ఒకాయన "చెరువు ఎక్కడుంది చాచా?" అని అడిగాడు.

మున్నీ తలుపు తీసి, సలాం చేసి, కవరు తీసుకుని చూడకుండానే పక్కన పెట్టింది. గాలం అందుకుని, దుమ్ము దుపట్టాతో తుడిచింది. కొస దాకా చేత్తో తడిమి చూసి, నా వెనక్కి చూసింది.

"డబ్బా ఏది భాయిజాన్?" అంది.